చదవకుండా కొట్టిన వాక్యం

నా భార్య గొంతును నేనే చెరిపేశాను. ఈ మాటను మెత్తగా చెప్పే దారి వెతికాను, దొరకలేదు.

ఆమెది కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోయే జబ్బు. మాట కూడా పోతుందని ముందే చెప్పారు. ఆసుపత్రి వాళ్లిచ్చే యంత్రం ఇంగ్లిషే మాట్లాడుతుంది. అందుకని ఇంగ్లండులో, మా కోవెంట్రీ ఇంట్లో మూడు వారాలు ఆమె తెలుగు వాక్యాలు చదివింది, మా అమ్మాయి మైకు పట్టుకుంది. వాటితో ఆమె గొంతులోనే మాట్లాడే ప్రోగ్రామ్ ఒకటి కట్టాను. మాట పోయాక, మంచానికి తగిలించిన చిన్న తెర మీద ఆమె కళ్లతో అక్షరాలు ఎంచుకుంటే నా లాప్‌టాప్ పలికేది. మొదటి రోజే నన్ను తిట్టింది.

"గా అంగి ఎన్ని దినాలు తొడుగుతవ్? ఇప్పెయ్."

మా అమ్మాయి పకపకా నవ్వింది. నేను బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చాను.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్. ప్యాకేజీ మేనేజర్ అని ఒకటుంటుంది. కొత్త ప్రోగ్రామ్ పెట్టబోతే, దీనికోసం దేన్ని తీయాలో, అది తీస్తే ఇంకేది కూలుతుందో చూసి అడ్డుపడుతుంది. దాన్ని కాదని ముందుకు పోయే వీలు మనిషికి ఉండాలా వద్దా అన్నది మా ఆఫీసులో పాత తగువు. నేనెప్పుడూ ఉండాలనే పక్షం. యంత్రం నాదైతే దాని పెత్తనం నా మీదేమిటి అనేవాణ్ణి.

ఆదివారం ఆదివారం వరంగల్ నుంచి ఆమె అక్క వీడియో కాల్ చేసేది. ఒక ఆదివారం మధ్యాహ్నం కాల్ మాటిమాటికీ తెగిపోతోంది. "ఇనొస్తలేదు చెల్లె," అని అవతల అక్క ఒకటే గోల. అదే లాప్‌టాప్‌లో కాల్ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ పెట్టబోయాను. ప్యాకేజీ మేనేజర్ ఒప్పుకోలేదు. ఇవన్నీ పోతాయంటూ పొడుగాటి జాబితా చూపించి, అయినా కావాలంటే, తెలిసే చేస్తున్నానని ఒక పూర్తి వాక్యం టైపు చేయమంది.

పక్కన మంచం మీంచి నా భార్య అంది. "ఏందో రాసింది గదా. జెర సదువు."

"ఏం గాదు తియ్," అని అది అడిగిన వాక్యం టైపు కొట్టేశాను.

జాబితాలో పదకొండో వరుస నేను కట్టిన ప్రోగ్రామే. దాన్ని తీసేస్తే ఫోల్డర్ మొత్తం శుభ్రమయ్యేలా రాసిందీ నేనే. రికార్డింగులూ అందులోనే ఉన్నాయి. ఊరందరికీ బ్యాకప్ పాఠాలు చెప్పేవాణ్ణి, ఇంట్లో ఒక్క కాపీ తీసుకోలేదు. తర్వాత డిస్కు పట్టుకుని షాపుల చుట్టూ తిరగడమంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పాత వీడియోల్లో ఆమె మాటలు ఉన్నాయి. ప్రోగ్రామ్ మళ్లీ కట్టడానికి అవి చాలవు, ఆ గొంతు ఇక కొత్త మాట చెప్పదు.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అనడానికి గొంతు లేకుండా చేసినవాణ్ణి నేనే.

కొన్ని నెలలకు ఊపిరి కష్టమైంది. వెంటిలేటర్ గురించి అడగడానికి డాక్టర్ ఇంటికి వచ్చింది. వద్దంటే ఏమేం జరుగుతుందో మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది. అర్థమైందా అని రెండుసార్లు అడిగింది. నా భార్య అంతా విని, వద్దంది. డాక్టర్ ఆమె మాట మన్నించింది.

ఆఫీసులో ఇప్పటికీ ఆ తగువు వస్తే, యంత్రాన్ని కాదనే వీలు తీసేయమని నేను అనలేను. ఆ రోజు యంత్రం నా మాట వినకుండా ఉంటే ఎంత బాగుండేదని మాత్రం రోజూ అనుకుంటాను. ఆమెకున్న హక్కే నాకూ ఉండింది. ఆమె పూర్తిగా విని వద్దంది, నేను చదవకుండా సరే అన్నాను.

ఆ వద్దు అన్నది కూడా ఆసుపత్రి యంత్రంలోని ఎవరిదో ఇంగ్లిషు గొంతు. ఎప్పుడూ ఇంగ్లిషులోనే జవాబిచ్చే మా అమ్మాయి యంత్రం వైపు చూడలేదు. తల్లి పెదాలకు చెవి ఆనించి, "అమ్మా, నువ్వు చెప్పు," అంది.