అందరికీ దొరికిన వ్యాసం

మచిలీపట్నం కాలేజీలో నేను చరిత్ర చెప్పేదాన్ని, నా తోటి లెక్చరరు ఒకావిడ తెలుగు చెప్పేవారు. స్టాఫ్ రూములో పక్కపక్క కుర్చీలు మావి. ఊళ్ళో నెట్ సెంటర్లు అప్పుడప్పుడే పెరుగుతున్న రోజులు.

ఒకప్పుడు బైబిలు చంకన పెట్టుకుని దివిసీమ పల్లెల్లో తిరుగుతూ ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పిన స్త్రీల మీద నేనొక వ్యాసం రాశాను. వాళ్ళలో మా అమ్మమ్మ ఒకరు. వ్యాసం ఇంగ్లీషులో విదేశీ పత్రికలో వచ్చింది. స్టాఫ్ రూములో స్వీట్లు పంచాను. ఆ పత్రిక మా జిల్లాలో ఏ లైబ్రరీకీ రాదు, నెట్‌లో చదవాలంటే డాలర్లు కట్టాలి. అది నాకు లోటుగా తోచలేదు సరికదా, గొప్పగానే ఉండేది.

తర్వాత ఆ తెలుగు మేడమ్ కూడా ఆ స్త్రీల మీదే రాస్తానన్నారు. అవనిగడ్డలో ఉన్న మా పిన్ని దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆవిడ తెలుగులో రాసి, పరిశోధన వ్యాసాలు ఉచితంగా ఉంచే ఒక వెబ్‌సైటుకి ఇచ్చారు.

"ఎవరైనా ఊరికే చదువుకోవచ్చండీ," అన్నారు సంబరంగా.

ఊరికే వచ్చేదానికి విలువేముంటుందిలే అనుకున్నాను.

కొన్నాళ్ళకు పిన్నిని చూడబోయాను. పాస్టరుగారు నెట్‌లోంచి తెలుగు మేడమ్ వ్యాసం ప్రింటు తీయించి, చర్చిలో ఆడవాళ్ళ కూటంలో చదివించారట.

"అమ్మ గురించి ఎంత బాగా రాసిందే ఆ అమ్మాయి! పడవ దిగి, చీర ఎగగట్టుకుని బురదలో నడిచెళ్ళడం వింటుంటే ఏడుపొచ్చేసింది."

"నేనూ రాశాగా పిన్నీ. ఆవిడకంటే ముందే."

"అవునా? ఏదీ, ఇవ్వు, చదివించుకుంటా. ఎక్కడ దొరుకుద్ది?"

బస్సుకు టైమైందని లేచాను. బస్సులో ఇంటికి చేరేదాకా కుళ్ళిపోయాను. అమ్మమ్మ నాది, పిన్ని నాది, పేరు ఆవిడది. మర్నాడు ఆవిడ, ఎక్కడెక్కడి నుంచో ఈమెయిళ్ళు వస్తున్నాయని చెబుతుంటే "సంతోషమండీ" అని, టీ సగంలోనే వదిలేసి క్లాసుకు లేచాను.

నా వ్యాసం కూడా ఆ సైటులో పెట్టుకుంటానని పత్రికవాళ్ళను అడిగాను. హక్కులు తమకు రాసిచ్చేశానని, కుదరదని జవాబొచ్చింది. చివరికి ఆవిడనే అడగాల్సి వచ్చింది.

"తెలుగులో మళ్ళీ కొత్తగా రాయండి మేడమ్. సైటువాళ్ళతో నేను మాట్లాడతాను," అన్నారు వెంటనే. ఆ మంచితనం ఇంకా మండించింది. అయినా రాశాను. సైటులో వచ్చింది. ప్రింటు తీసుకెళ్ళి పిన్నికి నేనే చదివి వినిపించాను.

"బానే ఉందే," అంది. "ఆ అమ్మాయి రాసినదాంట్లో అయితే అమ్మే మాట్లాడుతున్నట్టుండేది."

నిజానికి అప్పటిదాకా ఆవిడ వ్యాసం నేను చదవలేదు. చదవబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా నెట్ సెంటరుకు వెళ్ళి, మొదటి నుంచి చివరిదాకా చదివాను. పిన్ని అన్నది నిజమే. కడుపుమంట తగ్గకపోగా ఇంకా పెరిగింది. ప్రింటు తీయించుకుని, మడతపడకుండా ఇంటికి తెచ్చుకున్నాను.