సీటు కింద సీసం

రేసు మైదానంలో అందరూ ఆమెను వానక్క అనేవారు. ఎండ కాసినన్నాళ్ళూ పలకరించే దిక్కుండదు. నాలుగు చినుకులు పడ్డాయా, తోటి మెకానిక్కులంతా పానాలు పట్టుకొని ఆమె షెడ్డు చుట్టూ ఈగల్లా మూగేవారు. తడినేల మీద కార్టును, అంటే ఆ బుల్లి రేసుబండిని, జారకుండా నిలబెట్టడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ముందు చక్రాలను బయటికి జరిపేది, వెనక చక్రాలను లోపలికి లాగేది, సీటును పైకెత్తేది. బరువు ఎత్తున ఉంటేనే మలుపులో టైరు నేలను కరుస్తుందని ఆమె పట్టు. అడిగినవాళ్ళకు తిడుతూనే అన్నీ చెప్పేది.

పెళ్ళీ పెటాకులూ లేవు. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. ఆమె కార్టు తోలేది వాడే. రెండేళ్ళ కిందట వాడికి రక్తంలో జబ్బు చేస్తే రాత్రనక పగలనక కాచుకొని గట్టెక్కించింది. ఈమధ్య "చిక్కావేంరా?" అంటే, బరువు తగ్గితే వేగం పెరుగుతుందనేవాడు. రేసుల వాళ్ళంతా కడుపు మాడ్చుకునేవాళ్ళే కదా! ఆమె నమ్మింది, మురిసింది కూడా.

ఆ రోజు ఆఖరి రేసుకు ముందు వాన మొదలైంది. పైకెత్తుదామని సీటు విప్పిన ఆమె కొయ్యబారిపోయింది. కార్టూ మనిషీ కలిసి తూకానికి చాలకపోతే రేసులోంచి తీసేస్తారు. అందుకని సీటు కింద తను బిగించిన సీసపు పలకలు రెండే. ఇప్పుడు అయిదున్నాయి.

"ఇవెవరు పెట్టార్రా?"

"నేనే అక్కా. తూకానికి చాలట్లేదు. జబ్బు తిరగబెట్టింది. ఈసారి మందులకు లొంగదన్నారు."

"నాకు చెప్పకుండా దాచావా? నేను చచ్చాననుకున్నావా?"

"చెప్తే ఎక్కనిస్తావా? ఇదొక్కటీ తోలనీ. తర్వాత నువ్వు ఏ ఆసుపత్రిలో పడుకోమంటే అక్కడ పడుకుంటా."

ఆమె పానా అందుకుంది.

"వెధవా, వానలో సీసం కింద పెడతార్రా ఎవరైనా? నేర్పిందంతా మంటగలిపావు!"

కళ్ళు తుడుచుకుంటూ పలకలన్నీ విప్పి, సీటు వీపున, పైకి బిగించింది.

కార్టు ఒక్క మలుపులోనూ జారలేదు. తమ్ముడు మూడోవాడిగా వచ్చాడు. హెల్మెట్ తీసి నవ్వాడు గానీ, లేవబోతే కాళ్ళు సహకరించలేదు.

"చెయ్యివ్వక్కా."

అంత మనిషిని లేపాలి కదా అని ఆమె కాళ్ళు నిలదొక్కుకొని, వాడి చంకల కింద చేతులు వేసి గట్టిగా లాగింది. అంత బలం అక్కర్లేకపోయింది. ఒక్క ఊపుకే వాడు లేచి ఆమె మీదికి వచ్చేశాడు. వానక్క అక్కడే, అందరి ముందూ బావురుమంది.