లేనిదాని పేరెత్తని లోకనాథం

లోకనాథానికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. లేనిదాని పేరెత్తడు. తను ఎత్తకపోవడమే కాదు, ఇంకొకళ్లని ఎత్తనివ్వడు. ఉన్నది చూపించు, లేనిదాన్ని శీర్షికతో సహా మాయం చెయ్యి. అదే అతని వేదం, అదే అతని వంటల పుస్తకం.

అటువంటి లోకనాథం, చుట్టూ ఇంత సముద్రం ఉండగా, వెతికి వెతికి గవరయ్య ఎక్కిన బోటే ఎక్కాడు.

అండమాన్లలో షహీద్ ద్వీప్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లే మధ్యాహ్నపు బోటు అది. మనవరాలి పుట్టువెంట్రుకలకి వచ్చి తిరిగి వెళ్తున్న గవరయ్య, పై డెక్కు మీద నీడపడే బెంచీ చూసుకుని, ఒళ్లో ప్లాస్టిక్ కవరు చుట్టిన లావుపాటి రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం ఐదింటికి పోర్ట్‌బ్లెయిర్‌లోని గోల్ ఘర్‌లో తెలుగు సంఘం మీటింగు. అక్కడ లోకనాథాన్ని పడగొట్టడానికి ఒక తీర్మానం మనసులో సానబెడుతున్నాడు. అది పదునెక్కే వేళకి సరిగ్గా మెట్లమీంచి ఆ బట్టతల, ఆ గళ్లచొక్కా, ఆ లాప్‌టాప్ సంచీ వరసగా పైకి తేలాయి.

"నమస్తే మావా," అన్నాడు లోకనాథం.

"ఊఁ," అన్నాడు గవరయ్య.

ముప్పై ఒక్క ఏళ్లు ఇవే బోట్లు నడిపే సరంగుగా పనిచేసి రిటైరైనవాడు గవరయ్య. ఎక్కేటప్పుడు ఆయన్ని ఒక్కడూ పలకరించలేదు. లోకనాథం వైపు మాత్రం బోటు బోటంతా ఒరిగింది. ఎండుచేపలు అమ్ముకునే సీతాలు "రా భయ్యా, ఇక్కడ కూకో" అని తన బుట్ట జరిపింది. వలలు బాగుచేసే నూకన్న కొబ్బరిబొండం అందించాడు. తాళ్లు లాగే ఖలాసీ ఒకడైతే ఎక్కడినుంచో కుర్చీయే మోసుకొచ్చాడు. గవరయ్య లెక్కపెట్టాడు. బోటు జెట్టీ వదలకముందే లోకనాథానికి పదిహేడు నమస్కారాలు. తనకి ఒకటి. అది కూడా లోకనాథం పెట్టిందే.

"ఏం చూసి వీడికి ఇంత మర్యాద?" అని గవరయ్య కడుపులో ఇంజను మొదలైంది. బోటు ఇంజను ఆ తర్వాత మొదలైంది.

నిజానికి లోకనాథం చేసే ఉద్యోగం పెద్దదేమీ కాదు. గోల్ ఘర్‌లో చిన్న కంప్యూటరు కొట్టు. దరఖాస్తులు నింపి పెడతాడు. ఇరవై ఏళ్లుగా అద్దానికి అవతల నిలబడ్డ మనుషుల్ని "చదువు? పొలం? సంతకమా, వేలిముద్రా?" అని అడిగి అడిగి, వాళ్ల గొంతులు ఏ గడి దగ్గర చిన్నబోతాయో కంఠతా పట్టినవాడు. అక్కడ పట్టుకుంది ఆ జబ్బు. పట్టుకున్నది కంప్యూటరుకే పరిమితమైతే బాగుండేది.

గోల్ ఘర్‌లోనే అసిరమ్మకి టిఫిన్ల కొట్టు ఉంది. గోడమీద పెయింటుతో పద్నాలుగు రకాలు రాయించింది. తొమ్మిది దాటితే మిగిలేవి మూడు. మిగతా పదకొండింటికీ "నేదు బాబూ, ఐపోనాది" అని చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు బొంగురుపోయేది. ఒక ఆదివారం లోకనాథం సున్నం తెచ్చి గోడంతా తెల్లగా కొట్టేశాడు. పద్నాలుగు పలకలు, పద్నాలుగు మేకులు. ఏది అయిపోతే ఆ పలక తీసెయ్యాలి.

"మేకు ఉండనీ భయ్యా," అంది అసిరమ్మ.

"మేకు కనిపిస్తే ఇక్కడ ఏదో ఉండేదని తెలిసిపోదా దీదీ?"

మేకు కూడా పీకించాడు. పదకొండు గంటలకల్లా అన్నీ అయిపోయి గోడ బోసిగా మిగిలితే "టిఫిన్లు" అన్న పెద్ద బోర్డు కూడా దింపించాడు. కింద ఏమీ లేనప్పుడు పైన శీర్షిక దేనికని. రోజూ మేకులు కొట్టడం, పీకడం. "నాను ఎట్టింది ఓటలా, వడ్రంగి కొట్టా?" అని అసిరమ్మ మొత్తుకునేది. అయితే ఆ కొట్లో "నేదు" అన్న మాట వినపడి ఏడాది దాటింది. వచ్చినవాడు ఉన్నవాటిలోంచి ఏరుకుని, అదే తనకు కావలసిందన్నట్టు తిని వెళ్తున్నాడు.

ఇంకోసారి మోకాలు నొప్పని డాక్టరు దగ్గరకు వెళ్తే, నర్సు స్వాతి కాగితం పట్టుకుని వరసగా అడిగింది.

"షుగర్ ఉందా అంకుల్?"

లోకనాథం పలకలేదు.

"బీపీ?"

పలకలేదు.

"ఆయాసం? గుండెదడ?"

ఉలుకూ పలుకూ లేదు. పాపం చెవుడనుకుని ఆ పిల్ల ఆ గడిలో టిక్కు పెట్టబోతుంటే, అప్పుడు నోరు విప్పాడు. "మోకాలు నొప్పి ఉందమ్మా."

"మరి ఇందాకట్నుంచీ మాట్లాడరేం?"

"ఉన్నది ఇప్పటిదాకా అడగలేదు కదా బేటీ!"

వెనకటికి సముద్రాల పటాలు గీసినవాళ్లలో రెండు రకాలు ఉండేవారు. తమకు తెలియని చోటు వస్తే అక్కడ నోరు తెరిచిన తిమింగిలాన్ని గీసి బెదరగొట్టేవాళ్లు కొందరు. తెలిసినంతవరకూ తీరం గీసి, చక్కగా కుంచె కడుక్కుని లేచిపోయేవాళ్లు కొందరు. లోకనాథం రెండో రకం. గవరయ్య మొదటి రకం. ఆయన తిమింగిలాలన్నీ ఒళ్లో ఉన్న ఆ రిజిస్టరులో ఉన్నాయి.

మనవాళ్లలో ఎవరు ఏ పని చేస్తారో, ఎవరికి ఫోను చెయ్యాలో ఒక చోట ఉంటే నలుగురికీ పనికొస్తుందని సంఘంవాళ్లు ఇరవై ఏళ్ల కిందట ఆ రిజిస్టరు గవరయ్యకి అప్పజెప్పారు. ఆయన మనిషికి పదకొండు గడులు గీశాడు. స్వగ్రామం, చదువు, లైసెన్సు, సొంత పడవ, సొంతిల్లు, బిరుదులు, ఇంకా ఏవేవో. ఏది ఖాళీ ఉంటే అందులో ఎర్రసిరాతో "లేదు" అని రాసేవాడు. తాత ఎక్కడ ఓడెక్కాడో తెలియని ద్వీపాల పిల్లలకి స్వగ్రామం లేదు. నూకన్నకి ఏడు "లేదు"లు, ఎర్రచీమల బారులా. సీతాలుకి ఎనిమిది.

"నా పేరు కొట్టీ మావా," అంది సీతాలు అది చూసి. "నానేటి, ఏటీ నేని మడిసినా?"

"రికార్డు అంటే రికార్డే," అన్నాడు గవరయ్య.

పదకొండూ నిండినవాడు ఆ పుస్తకంలో ఒక్కడే. ఆయన పేరు గవరయ్య. చుట్టాలొస్తే మంచినీళ్లకన్నా ముందు ఆ పేజీ ఇచ్చేవాడు.

ఏడాది కిందట సంఘం ఆ జాబితాని వెబ్ పేజీగా చెయ్యమని లోకనాథాన్ని అడిగింది. అతను పైసా పుచ్చుకోకుండా చేశాడు. మనిషికో పెట్టె. పెట్టెలో ప్రతి వరసకీ ముందు ఒక షరతు: ఈ సంగతి ఉందా? ఉంటే శీర్షికతో సహా చూపించు. లేకపోతే శీర్షికతో సహా దాటిపో. వినడానికి ఇంతే. మొదటిసారి చేసినప్పుడు విషయం మాయమైంది కానీ "చదువు" అన్న మాటా, దాని పక్కన రెండు చుక్కలూ మిగిలిపోయాయి. ఆ చుక్కలు ఎండుచేప కళ్లలా తనవైపే చూస్తున్నాయని లోకనాథం రెండు పూటలు అన్నం మానేశాడు. అవి పోయాక ఊరి పేరు లేనివాళ్ల జిల్లా ముందు ఒక కామా వేలాడింది. ఆ కామా కోసం వారం రోజులు కొట్టు మూశాడు.

చివరికి పేజీ బయటికొచ్చింది. నూకన్న పెట్టెలో నాలుగే వరసలు. పేరు, వలల పని, నలభై ఏళ్ల అనుభవం, ఫోను. ఏ లోటూ లేని మనిషిలా నిండుగా ఉన్నాడు. అరవై పేర్లు ఉండే జాబితా మూడువందలకి పెరిగింది. గవరయ్య అందరి పెట్టెలూ ఒకసారి చూసి, కడుపు మండి, ఆ తర్వాత తన పేరు టైపు చేసి తన పెట్టె ఒక్కటే చదువుకోవడం అలవాటు చేసుకున్నాడు. రోజుకి ఇరవైసార్లు. పదకొండు వరసలూ ఉన్నాయి. కానీ పక్కన "లేదు"లు లేకపోయేసరికి అవి గొప్పగా లేవు, పొడుగ్గా ఉన్నాయంతే.

"మావా, నీ పెట్టి దాటాలంటే ఏలు నొప్పెడతంది," అన్నాడు నూకన్న ఒకరోజు.

ఆ నూకన్న ఫోను ఇప్పుడు ఆగకుండా మోగుతోంది. "పడవ నడపడం నేర్పబడును" అని రాసుకున్న గవరయ్య ఫోను మాత్రం మోగడం మరిచిపోయింది. ఇదంతా ఆ షరతు వల్లే. అది పోతే తన పెట్టె మళ్లీ మూడువందల్లో ఒకే ఒక్కటిగా వెలిగిపోతుంది. అదీ గవరయ్య లెక్క, అదీ తీర్మానం.

నడిసముద్రంలో ఇక ఓపిక పట్టలేకపోయాడు.

"ఒరే లోకనాథం! ఈవేళ మీటింగులో తీర్మానం పెడుతున్నాను. అందరికీ పదకొండు వరసలూ చూపించాల్సిందే. లేకపోతే లేదని రాయాల్సిందే. సగం కమిటీ నా వైపే."

సీతాలు బుట్టమీది గోనె సర్దుకుంది. నూకన్న బొండంలోకి చూశాడు.

"వద్దు మావా," అన్నాడు లోకనాథం.

"ఎందుకొద్దు?"

లోకనాథం సంచీ దగ్గరకి లాక్కుని, "వద్దు మావా" అన్నాడు మళ్లీ.

"కారణం చెప్పు!"

అతని బట్టతల మీద చెమట పట్టింది. "మావా, నీ మంచికే... వదిలెయ్యి. ఛోడో."

"భయపడ్డాడు!" అని గవరయ్య డెక్కంతటికీ వినిపించేలా నవ్వాడు. "నీ లాప్‌టాప్‌లో కాపీ ఉందిగా? తియ్యి ఆ షరతు. ఇప్పుడే, ఇక్కడే. అసలు రంగులు నేను చూస్తాను."

మూడుసార్లు వద్దన్నాడు లోకనాథం. నాలుగోసారి గవరయ్య సంచీ పట్టుకు లాగాడు. అప్పుడు లోకనాథం నిట్టూర్చి, లాప్‌టాప్ తెరిచి, ఒకటి రెండు వరసలు చెరిపి, తెర ఇంకెవరికీ కనబడకుండా తిప్పి ఆయన ఒళ్లో పెట్టాడు.

గవరయ్య కళ్లజోడు తుడుచుకుని ఆరగించడం మొదలుపెట్టాడు. నూకన్న: స్వగ్రామం, ఖాళీ. చదువు, ఖాళీ. బిరుదులు, ఖాళీ. ఆహా! అడుగున పన్నెండో వరస ఒకటి కనిపించింది. "తోటివాళ్ల మాట."

"ఇదేంట్రా? నా రిజిస్టరులో లేదే?"

"ఆర్నెల్ల కిందట పెట్టాను. పని చేయించుకున్నవాళ్లు ఒక ముక్క రాసి పంపొచ్చు."

నూకన్నకి తొమ్మిది మాటలున్నాయి. "పిలిస్తే అన్నం ముందునుంచి లేచొస్తాడు: బంగారురాజు." "మా వల చూసి తిట్టాడు, కానీ కొత్తదానిలా చేశాడు: జోగులు." సీతాలుకి పద్నాలుగు. ఆమె తూకం గురించే ఆరుగురు రాశారు. గవరయ్య వేలు వేగంగా కదిలింది. అందరికీ ఉన్నాయి. ఒకటో, రెండో, మొన్న మొన్న చేరిన కుర్రాడికి కూడా. "అయితే నాకు ఇరవై ఉంటాయి" అనుకుంటూ తన పెట్టె దగ్గరకొచ్చాడు. పదకొండు వరసలూ మిలమిలలాడుతున్నాయి. పన్నెండోది, "తోటివాళ్ల మాట."

ఆ పక్కన తెల్లగా ఉంది.

తెర కిందికి జరిపాడు, పైకి జరిపాడు. కళ్లజోడు మళ్లీ తుడిచాడు. ఇంకా తెల్లబడింది.

ఆర్నెల్లుగా అందరి పెట్టెల్లోనూ ఉన్న వరస తన పెట్టెలో మాత్రం కనబడకుండా ఆ పాడు షరతే కాపలా కాసింది. ఐదింటికి తన తీర్మానం నెగ్గి ఉంటే, తన చేత్తో తనే ఆ తెలుపుని మూడువందల ఇళ్లకి పంచిపెట్టేవాడు. గవరయ్యకి చెవులు వేడెక్కాయి. లోకనాథం వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇది ఎవరెవరికి తెలుసురా?"

లోకనాథం సముద్రం వైపు చూస్తూ, "ఏది మావా?" అన్నాడు.

గవరయ్య అతని ముఖంలోకి పరీక్షగా చూశాడు. వెటకారం ఉందేమోనని వెతికాడు. దొరకలేదు.

"ఏటి మావా," అని నూకన్న అవతలి బెంచీ మీంచి అడిగాడు, చాలా చిన్నగా. "నాకెన్ని నేదులొచ్చాయి?"

డెక్కంతా ఇటే చూస్తోంది. గవరయ్య లాప్‌టాప్ మూసేశాడు.

"నీకేం తక్కువరా? నిండుగా ఉన్నావు. నీకు తొమ్మిది..." అని ఆగి, ఆ తొమ్మిది గుర్తొచ్చి ఒళ్లు మండి, "ఎక్కువే ఉన్నాయి, చాలు," అన్నాడు.

"మరి తీర్మానం?" అంది సీతాలు.

"ఏ తీర్మానం?" అన్నాడు గవరయ్య.

లోకనాథం మొదటిసారి పళ్లు కనబడేలా నవ్వాడు. గవరయ్యకి అదీ నచ్చలేదు. వీడి పళ్లు ఈ వయసులో ఇంత తెల్లగా ఉండటం ఏమిటి? అయినా మెల్లగా అతన్ని మోచేత్తో పొడిచాడు.

"ఒరే, నాకొకటి నువ్వే రాసి పడెయ్యకూడదూ?"

"రాయడం నా పని కాదు మావా. ఉన్నది చూపించడమే."

పోర్ట్‌బ్లెయిర్ రేవు ఫీనిక్స్ బేలో బోటు ఆగేసరికి అల లేచి ఉంది. దిగే పలక జెట్టీ మీద ఆగకుండా కొట్టుకుంటోంది. నెత్తిన బుట్టతో సీతాలు సగందాకా వచ్చిందో లేదో, పలక ఒక్క కుదుపు కుదిపింది. బుట్ట ఒక పక్కకి, మనిషి ఒక పక్కకి. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు గవరయ్య బుర్రని అడక్కుండానే చెయ్యి చాపింది. ఒక చేత్తో ఆమె మోచెయ్యి, ఇంకో చేత్తో బుట్ట.

"ఓలమ్మో!" అంది సీతాలు జెట్టీ మీద కాళ్లు ఆనాక. "సరంగు మావ సెయ్యట్టుకుంటే ఇంక సముద్రం ఏటి సేస్తాది!"

గవరయ్య కొయ్యబారిపోయాడు. "మళ్లీ అను."

"ఏటి?"

"ఇప్పుడన్నదే. నెమ్మదిగా అను." ఆమె అనేలోపే జెట్టీ వైపు తిరిగి కేకేశాడు. "ఒరేయ్ లోకనాథం! ఆగరా! సీతాలు ఏదో అంటోంది, రాసుకో!"

లోకనాథం అప్పటికే చాలా దూరం నడిచాడు. గవరయ్య పలక మొదట్లో కాళ్లు తన్నిపెట్టి నిలబడిపోయాడు. దిగే ప్రతివాడికీ చెయ్యి అందించడం మొదలుపెట్టాడు. సాయం అక్కర్లేదని మొత్తుకుంటున్న కండల కుర్రాణ్ణి కూడా రెక్క పట్టి దింపాడు. ఒక పోర్టరు పాపం ముసలమ్మకి చెయ్యి ఇవ్వబోతే, "హఠో! ఆవిడ నా మనిషి!" అని అతన్ని పక్కకి నెట్టాడు.

అవతల టిక్కెట్ల కిటికీ దగ్గర లోకనాథం ఆగాడు. ఎవరిదో సామాన్ల బండి మీద లాప్‌టాప్ పెట్టి, నిలబడే ఏదో నాలుగు ముక్కలు కొట్టి, మూసి సంచిలో పెట్టుకున్నాడు. ఫోను తీసి చూద్దామంటే గవరయ్యకి కుదరలేదు. ఒక చేతిలో ముసలమ్మ, ఇంకో చేతిలో ఆవిడ కోడిపుంజు.

"ఏం రాశావురా?" అని అరిచాడు.

లోకనాథం వెనక్కి చూడలేదు. వెళ్లొస్తానని కూడా అనలేదు. గళ్లచొక్కా గేటు దాటి జనంలో కలిసిపోయింది.