వంద దాకా వచ్చిన పిల్ల

పిల్లలకు అంకెలు నేర్పడం నాకు వచ్చు. ఇంత సూటిగా చెప్పుకుంటే మా ఊరు మంథనిలో బడాయి అంటారు. అననీ. మా ఆయన బొగ్గుబాయి ఆఫీసులో క్లర్కు. గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్ల మధ్య, మా ఇంటి వరండాలో, పన్నెండు మంది చిన్నపిల్లలతో నేను బడి నడిపిన రోజులవి. తెలంగాణ రావడానికి ఇంకా నాలుగైదేళ్లు ఉంది. నా బడిలో పలకల కంటే చింతగింజలు, శనగలు, ఇసుక ఎక్కువ. కళ్లు మూసుకుని శనగల డబ్బాలో చెయ్యి దూర్చి, సరిగ్గా మూడు తీసి నా అరచేతిలో పెట్టాలి. మూడంటే ఎంతో ముందు వేళ్లకు తెలియాలి, ఆ తర్వాతే నోటికి. అదీ నా పట్టు. "గిది బడా, ఆటల జాగనా?" అని పక్క క్వార్టర్ల వాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనిచ్చాను.

ఆ ఏడాది ఎండలు ముదరక ముందే ఒక నాలుగేళ్ల పిల్ల చేరింది. వాళ్ల నాన్న భూమి లోపల బొగ్గు తవ్వే బాయిలో కార్మికుడు. మొదటి రోజే పిల్లను నా ముందు నిలబెట్టి, "చెప్పు బిడ్డా" అన్నాడు. పిల్ల వన్ నుంచి హండ్రెడ్ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. జ్యోతినగర్‌లో ఒక ఇంగ్లీషు మీడియం బడి ఉంది, సీటు ఇచ్చే ముందు పిల్లలను పిలిచి ప్రశ్నలడుగుతారు. దానికింకా నెల రోజులుంది.

"ఈ నెల జర మంచిగ చూడుండ్రి టీచరమ్మా. సీటు రావాలె, గంతే. బొగ్గు పని నాతోనే ఆఖరు" అన్నాడు.

మర్నాడు ఐదు చింతగింజలు తెమ్మంటే పిల్ల గుప్పెడు తెచ్చి పోసింది. లెక్కపెట్టమన్నాను. వేలు ఒకే గింజ మీద ఉంది, నోరు పన్నెండు దాటిపోయింది. వారం రోజులు తిప్పలు పడ్డాను. వేలు నిలవదు, నోరు ఆగదు.

అప్పుడొక ఉపాయం తట్టింది. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. క్వార్టర్లలో అందరివీ బొగ్గు పొయ్యిలే, ప్రతి ఇంటి ముందూ చిన్న కుప్ప ఉంటుంది. మా కుప్పలోంచి చిన్న చిన్న పెళ్లలు ఏరి పిల్ల ముందు పెట్టాను. ఒక పెళ్లను ముట్టాలి, ఆ వేలిని కాగితం మీద ఒత్తాలి, అంకె చెప్పాలి. నల్లటి ముద్ర పడితేనే తర్వాతి అంకె. ఆ పిల్ల నోటికి కళ్లెం పడింది. మూడో రోజు పెళ్లలను చూసి, ముద్రలను చూసి, "టీచర్, గియ్యి ఐదు! గవి గూడ ఐదు!" అని ఎగిరి గంతేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రమే వాళ్ల నాన్న మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. దాని అరచేతిని నా ముఖం ముందు తెరిచాడు. గీతల నిండా నలుపు.

"ఏంది టీచరమ్మా గిది? మా ఇంట్ల పొయ్యి కాడ గూడ బొగ్గు ముట్టనియ్య దీన్ని. ఎన్నడు ముట్టద్దనే కద సదివిపిస్తున్న! మీరేమో బడిల గదే చేతికిస్తరా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మీ బిడ్డకు వంద కాదన్నా, ఐదు గూడ రాదు. ఇంటికి పోయి ఆరు ఉల్లిగడ్డలు తెమ్మని అడుగుండ్రి, తెలుస్తది" అన్నాను.

అతను పిల్లను తీసుకుపోయాడు. మర్నాడు పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

లెక్క విషయంలో నాదే రైటు, ఇప్పటికీ అదే మాట. కానీ నేను కాగితం మీది ముద్రలే చూశాను, అతను బిడ్డ చేతిని చూశాడు. క్లర్కు భార్యను, నాకు బొగ్గంటే పొయ్యిలో వేసేది. ఎంత రుద్దినా గోళ్ల సందుల్లోంచి పోని నలుపు అతనిది. నాకు సిగ్గేసింది. ఎర్రమన్ను జల్లించి, తడిపి, గిన్నెలో వేసుకుని వాళ్ల క్వార్టరుకు పోయాను.

"బొగ్గు ఇచ్చుడు నాదే తప్పన్నా. ఇంక పదిహేను దినాలే ఉన్నయ్. బిడ్డను పంపుండ్రి" అన్నాను. తప్పని ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని.

అతని ముందు నేల మీద తొమ్మిది ఉల్లిగడ్డలు పడి ఉన్నాయి. "రెండు దినాల సంది అడుగుతున్న. ఆరంటే చేతికచ్చినన్ని తెస్తున్నది" అన్నాడు నెమ్మదిగా.

పిల్లను పంపాడు. ఎర్రమన్నుతో మళ్లీ మొదలుపెట్టాం. ఒకటి ముట్టు, ఒకటి ఒత్తు, ఒకటి చెప్పు. అప్పజెప్పడం పూర్తిగా బంద్ చేయించాను.

ప్రశ్నలడిగే రోజు అతను పిల్లను ఎత్తుకుని జ్యోతినగర్ నుంచి నేరుగా మా వరండాకే వచ్చాడు.

"పెద్ద మేడం హండ్రెడ్ దాకా చెప్పుమన్నది" అన్నాడు.

పదిహేను రోజులు నేను మాన్పించింది అదే కదా. "చెప్పిందా?"

"చెప్పలే. 'ఏంటియి లెక్కవెట్టాలె మేడం?' అని అడిగింది."

వేటిని లెక్కపెట్టాలని అడిగేసరికి మేడం డబ్బాలోని పెన్సిళ్లన్నీ బల్ల మీద పోసిందట. పిల్ల ఒక్కోదాన్ని ముట్టి, పక్కకు జరిపి, పద్నాలుగు దగ్గర ఆగి, "అయిపోయినయ్" అన్నదట. సీటు ఇచ్చారట.

అంతా చెప్పాక కూడా అతను కదలలేదు.

"రెండు నెలలు ఒళ్లె కూసోవెట్టుకొని వంద నేర్పిన టీచరమ్మా. ఏంటియి వంద అని ఒక్కనాడన్న చెప్పలే" అన్నాడు.

'నేను ముందే చెప్పలేదా' అనే మాట నా నోటి దాకా వచ్చింది. ఆ మనిషి ముఖం చూసి మింగేశాను.