కనబడని మంట, అవ్వ పొరక

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే చాలు, ఎదురు ప్రశ్నలు వేసి నోరు మూయించేదాన్ని. నమ్మడం మాట అటుంచి, వినే ఓపిక కూడా ఉండేది కాదు. ఇప్పుడు ఆ ప్రశ్నలే నాకు నేను వేసుకుంటున్నాను.

నేను హైడ్రోజన్ మీద పరిశోధన చేస్తాను. ఆ వాయువును ఫ్యూయల్ సెల్ అనే పరికరంలోకి పంపితే కరెంటు పుడుతుంది, పొగకు బదులు నీళ్లు వస్తాయి. దానితో పొలం మోటార్లు నడపాలన్నది మా ప్రయత్నం.

పొలం అంటే నాకు మా అవ్వే గుర్తొస్తుంది. మా నాయన తల్లి. గోపాల్‌పేట దగ్గర మా ఊళ్లో గడ్డివాములోంచి గడ్డి లాగాలన్నా, పల్లికాయ బస్తా జరపాలన్నా ముందు పొరకతో తడిమేది. పొరక అంటే చీపురే. పామో తేలో ఉంటే చేతిని కాక దాన్నే కాటేస్తుందని. ఈత ఆకులతో తనే కట్టి, చిరిగిన గద్వాల చీర ఎర్రంచు పీలికతో మూడు ముళ్లు వేసేది. మేం వట్టి చేతులు పెట్టామా, వీపు విమానం మోత మోగేది.

ఒకసారి కాలేజీ సెలవుల్లో ఆమెకు హైడ్రోజన్ గురించి గొప్పగా చెప్పాను. రంగు లేదు, వాసన లేదు, అంటుకుంటే ఎండలో మంట కూడా కనబడదు అన్నాను.

"మరి ఉన్నదని ఎట్ల తెలుస్తదే?" అంది.

"మిషన్ చెప్తదవ్వా."

"మిషన్ మర్చిపోతే? ఓ పొరక పెట్టుకో బిడ్డా."

ఎంత నవ్వానో! హాస్టల్లో అందరికీ చెప్పి మళ్లీ నవ్వాను. మరుసటి ఏడే అవ్వ పోయింది.

మొన్న ఎండాకాలం కోడేరు దగ్గర ఒక రైతు పొలంలో ట్రయల్ పెట్టాం. మిట్టమధ్యాహ్నం. మోటారు నడుస్తోంది, కాలువలో నీళ్లు పారుతున్నాయి, చుట్టుపక్కల రైతులంతా వచ్చి చూస్తున్నారు. ఇంతలో మీటరులో ప్రెషర్ తగ్గడం కనిపించింది. పైపు అతుకు వదులైందనుకున్నాను. వాల్వు కట్టేస్తే మోటారు ఆగిపోతుంది, మా ప్రాంతం వాళ్ల ముందే పరువు పోతుంది. మంటను కనిపెట్టే మిషనేమో జీపులోనే మర్చిపోయాను. పానా పట్టుకుని, కళ్లు మీటరు మీదే ఉంచి, నేరుగా అతుకు మీద చెయ్యి వేయబోయాను.

"ముందల పొరక పెట్టవే!"

వెనక నుంచి, కసురుతున్నట్టు. చేతికి పొరక తగిలింది. చిన్నప్పటి అలవాటేమో, చూడకుండానే అందుకుని ముందుకు చాచాను.

అతుకుకు జానెడు దూరంలో, ఏమీ లేని చోట, ఈత ఆకుల కొసలు భగ్గుమన్నాయి.

పరుగెత్తి సిలిండరు వాల్వు కట్టేశాను. పరువు సంగతి గుర్తుకు కూడా రాలేదు.

నా తోటి ఇంజనీరు కొద్ది దూరంలోనే ఉన్నాడు. నా చేతిలో పొరక చూశాడు గానీ ఇచ్చినవాళ్లను చూడలేదన్నాడు. పొరక ఇచ్చిన ఆడమనిషి ఎవరని పొలం రైతును అడిగాను.

"పొలంల పొరకేంది మేడమ్? మా ఇంటామె తల్లిగారింటికి పోయింది. ఈడ ఆడోళ్లెవ్వరు లేరు" అన్నాడు.

తర్వాత ఒక సీనియర్ చెప్పారు, పూర్వం కనబడని హైడ్రోజన్ మంటను పట్టడానికి కొన్నిచోట్ల చీపురే ముందు పట్టుకుని నడిచేవారట. అది విని నాకు ఏడుపొచ్చింది.

కొసలు కాలిన ఆ పొరక నా దగ్గరే ఉంది. ఎర్రంచు పీలిక, మూడు ముళ్లు. అలా కట్టేవాళ్లు మా వైపు ఇంకా ఉన్నారేమో, ఆ గొంతు నా భయమేనేమో అని నాకు నేనే చెప్పి చూశాను. ఏదీ అతకలేదు.

పొరక అందుకున్నప్పుడు నా వేళ్లకు ఇంకో చేతి వేళ్లు తగిలాయి, గరుకుగా, వెచ్చగా. ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే అవ్వను చూసేదాన్నేమో. నేనేమో మీటరు వైపే చూస్తూ ఉండిపోయాను.