నాడెకు పెట్టిన నోరు

ఆ దినం నా నోట్లకెళ్ళి చెంబెడు రక్తం పడ్డదని మా గల్లీ అంతటా నేనే చెప్పుకున్న. అబద్ధం. పడ్డది చింతగింజంత. తెల్ల తువ్వాల నేస్తుంటె దగ్గొచ్చింది, బట్ట మీద ఎర్ర మచ్చ కనపడ్డది. పక్క సాంచా మగ్గం నుంచి ఎగిరొచ్చిన ఎర్ర పోగనుకొని గోటితో గీకిన. తడి తగిలింది.

అంతకు నెల ముందు నుంచే పొద్దుగూకంగనె జ్వరం. దగ్గంటరా, సోలాపూర్ల సాంచాల కాడ దగ్గనోడెవడు? స్వాతంత్య్రం వచ్చిన ఆరేడేండ్ల నాటి సంగతి ఇది.

దవాఖానల స్పుటం అని కళ్ళె తీసిండ్రు, ఎక్స్‌రే తీసిండ్రు. "టీబీ. కుడి లంగ్ మీద ప్యాచ్ ఉంది" అన్నడు డాక్టరు. "స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, పాస్ అనే మందు, ఏడాది పైనే. బీడీ బంద్. గ్లాసు, పళ్ళెం వేరు. నీ నోటికి తాకింది ఇంకొకరి నోటికి పోవద్దు. పనిల అట్లాంటిదేమన్న ఉన్నదా?"

"లేదు సాబ్. మాది చేతుల పని" అన్న.

బీడీ ఒక్క దినంల విడిచిన అని కొంతం చౌక్ల ఛాతి విరుచుకొని చెప్పిన. ఒప్పుకుంట, ఎనిమిది నెలలు పట్టింది. నా పెండ్లాం రాజవ్వ ఇంట్ల బీడీలు చుడతది. ఆమె చాటల నుంచె నేను దొంగతనంగ ఎత్తుకునేటోణ్ని. బీడీలెందుకు తక్కువైతున్నయని ఒకనాడు అడిగింది.

"ఎలుకలేమో" అన్న.

"ఎలుకకు అగ్గిపెట్టె కూడ దొరికిందా?"

మూడు నెలలు పండుకొని, మందు నడుస్తుండంగనె, డాక్టరునడగక పనిలకు పోయిన. సాంచాల పోగు మోసుకుంట అటిటు ఉరికే నాడెల కొత్త నూలు కండె పెట్టినప్పుడల్లా, దాని పక్కనున్న సన్న బెజ్జానికి నోరుపెట్టి పీలిస్తె పోగు బయటికొస్తది. మాకది ఊపిరి తీసుకున్నట్టె, పని అని తోచది. నేను షిఫ్టు దిగంగనె అదే నాడెతోని నా బామ్మర్ది నర్సయ్య నేస్తడు.

ఒకనాడు రాజవ్వ సద్ది తెచ్చి, నేను పీల్చేది చూసి నిలబడిపోయింది.

"ఇంట్ల నీ గ్లాసు నన్ను ముట్టనియ్యవు. ఇది నా తమ్ముని నోట్లకు పోవచ్చునా?"

ఆమె బీడీ మూతి మడిచే ఇనుప పుల్ల కొన వంచి కొక్కెం చేసిచ్చింది. పోగు దానితోని గుంజాలె. నర్సయ్య నవ్విండు, "ఏంది బావా, కుట్టుపని నేర్చుకుంటున్నవా?" మూడు దినాలల్ల అలవాటైందని ఇంట్ల చెప్పిన. అదీ అబద్ధమే. కొక్కెం చేతిలుండంగనె నోరు ముందుకు పోయేది. ఆఖరుకు రాజవ్వ నా మూతికి రుమాలు కట్టి పంపింది. నోటికి బట్ట తగిలితె గాని చెయ్యికి కొక్కెం యాదికి రాలేదు.

అప్పటికె నర్సయ్య దగ్గుతున్నడు. వానికీ టీబీనే, ప్యాచ్ ఎడమ దిక్కు.

"దుమ్ము బావా, ఏం జేస్తం" అన్నడు.

"అవు, దుమ్మే" అన్న.

నాలుగేండ్లయింది. నా స్పుటం నెగెటివ్. వాడూ మందు పూర్తి చేసిండు, గాని మెట్లెక్కితె మధ్యల కూసుంటడు. మొన్న వాడు కూసున్న కాడనె, దుమ్ము కాదు, నేను నోరు పెట్టిన నాడె అని నిజం చెప్పిన. "చెయ్యియ్యి బావా" అని నా చెయ్యి పట్టుకొని లేచిండు.

టీబీ అన్న దినమే మీ పనిల నోటికి తాకేటివన్నీ ఒక్కొక్కటి డాక్టరుకు చెప్పుండ్రి. పోగు ఎట్ల తీస్తరో ఆయనకు తెల్వది. ఆయన అడిగిండు, నేనే లేదన్న.