అవ్వ కదిపేదాకా

మా దేవుడి అరలో ఒక ముఖం ఉంది. తెల్లటి ప్లాస్టిక్ ముఖం, దోమతెరలాగా ఒళ్ళంతా రంధ్రాలు. అది మా పాపకు ఆరేళ్ళప్పటి ముఖం.

ఆ ఏడు పాప కుడి బుగ్గ వాచింది. గవదబిళ్ళలనుకుని పసుపు పట్టు వేశాం. తగ్గలేదు. హిందూపురం నుంచి బెంగళూరు పెద్దాసుపత్రికి పంపారు. కండలో పుట్టే క్యాన్సరని, మందులతో పాటు రేడియేషన్ కూడా ఇవ్వాలని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. నేను బడికి వెళ్ళినదాన్ని కాను, మా నాయన ఇంట్లో దిద్దించిన చదువే నాది. ఆమె విసుక్కోకుండా నాకు అర్థమయ్యేదాకా చెప్పింది. ఆ ఓపికకు ఈనాటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

"కిరణం పడాల్సినచోటే పడాలమ్మా. కదిలితే కన్నుకు ప్రమాదం. కదలకుండా పడుకోలేకపోతే రోజూ మత్తివ్వాలి."

మందులకే పాప పుల్లలాగా అయిపోయింది. ఇక రోజూ మత్తా! వేడినీళ్ళలో మెత్తబడిన ప్లాస్టిక్ రేకును పాప ముఖం మీద పరిచి అచ్చు తీశారు. అది గట్టిపడ్డాక, తల కదలకుండా ముఖం మీద పెట్టి బల్లకు బిగించబోతే పాప కెవ్వుమంది.

ధర్మవరం నుంచి మాకు తోడుగా వచ్చిన మా అత్తమ్మ ఆ సాయంత్రం పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"ఏమే పిల్లా, వరలక్ష్మి పండగకు మనం కలశానికి ముఖం కడ్తాం గదా. కట్టినాక ఆయమ్మ కదుల్తాదా?"

"కదల్దు."

"మరి ఎప్పుడు కదుల్తాది?"

"తెల్లారి నువ్వు కలశం కదిపినాక."

"అంతే! నీకూ ముఖం కడ్తాండారు ఈడ. నేను కదిపేదాకా నువ్వే అమ్మవారివి."

"అట్లయితే నాకు ఓళిగలు పెట్టల్ల."

"ఓసి నీ తిండి మండ! కుదురుగా పండుకో ముందు."

మర్నాడు గది బయట టీవీలో చూశాను. బిగించిన ముఖం కింద నా బిడ్డ వేలు కూడా కదపలేదు. నాకు చేతులు జోడించబుద్ధయింది, భయమూ వేసింది. బయటికి రాగానే అత్తమ్మ దాని భుజాలు పట్టి కాస్త పక్కకు జరిపింది. "కదిల్నావు, ఇంగ పో!" పాప పరుగెత్తింది. రోజూ అంతే. మత్తు అవసరమే రాలేదు.

చివరి వారం అత్తమ్మకు జ్వరమొచ్చి ధర్మవరం వెళ్ళిపోయింది. "నేనే కదుపుతాలే, అంతా అయిపోయినాక ఒకేసారి," అని పాపకు చెప్పి వెళ్ళింది.

ఆఖరి రోజు ఆసుపత్రివాళ్ళు ఆ ముఖాన్ని పాప చేతికే ఇచ్చారు. అప్పుడే ఫోను వచ్చింది. అత్తమ్మ ఇక లేదు.

ధర్మవరం రైల్లో పాప ముఖాన్ని ఒళ్ళో పెట్టుకుని కొయ్యలాగా కూర్చుంది. దానికి నేనింకా చెప్పలేదు. కిటికీలో పెనుకొండ కొండ కనబడుతుండగా అడిగింది, "అవ్వ స్టేషన్‌కాడికి వస్తాదా, నన్ను కదిపేకి?"

జబ్బు పోయింది. పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ ఏమీ లేదనే చెప్పారు. అంత దయ చూపిన దేవుణ్ణి ఇంకేం అడగను? కానీ ఆడుకుంటూ ఆడుకుంటూ పాప ఉన్నట్టుండి నేల మీద వెల్లకిలా పడుకునేది. కళ్ళు తెరిచే ఉండేవి, రెప్ప వాలేది కాదు. నేను ఉరికెళ్ళి ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూసేదాన్ని. భుజం తడితే, "నువ్వు కాదు, అవ్వ కదపల్ల," అనేది. పెద్దయ్యాక అలా పడుకోవడం మానింది గానీ, పండుగ తెల్లారి కలశం కదిపేవేళకు మాత్రం ఏదో సాకుతో బయటికి వెళ్ళిపోయేది.

ఈ శ్రావణానికి దానికి పన్నెండేళ్ళు. మొదటిసారి వెళ్ళకుండా నిలబడింది. అరలోని ముఖం తీసి తన ముఖానికి పెట్టుకుంది. ఎడమవైపు పట్టలేదు. కుడివైపు అచ్చంగా సరిపోయింది. రేడియేషన్ పడిన ఎముక సరిగా పెరగదని డాక్టరమ్మ ముందే చెప్పింది.

"చూడమ్మా, ఈ బుగ్గ ఇంకా ఆడే ఉండాది. దీన్నెవరూ కదపలేదు."

ఆ ముఖం తీసి చేత్తో పట్టుకుని నా ఎదుట నిలబడింది.

"నన్ను నువ్వే కదుపు. అవ్వ ఏమీ అనుకోదులే."

కలశాన్ని కాస్త పక్కకు కదిపాను. తర్వాత పాప భుజాలు పట్టుకుని, అత్తమ్మలాగే, కాస్త పక్కకు జరిపాను. "కదిల్నావు, ఇంగ పో" అన్నాను. అది ఒకవైపుకే వచ్చే నవ్వు నవ్వి, ముఖాన్ని నా చేతిలో పెట్టి, ఓళిగల కోసం వంటింట్లోకి పోయింది.

ఆ ముఖాన్ని అరలో పెట్టబోతూ, పాత అలవాటు, దాని ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూశాను.